పశ్చిమ కనుమల వానాకాలపు ట్రెక్కుకు సామాను సర్దుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

జూన్ మొదలు అక్టోబరు దాకా హైదరాబాదు, విజయవాడ, బెంగళూరుల నుంచి కర్ణాటకలోని కుద్రెముఖ, ఆగుంబె వైపు బయలుదేరే తెలుగువారు ఏటా అవే సందేహాలు అడుగుతున్నారు. వాటిని ప్రయాణపు దశలవారీగా ఇక్కడ పెట్టాము. ప్రతి జవాబూ విడిగా చదువుకునేలా ఉంటుంది కనుక మీకు కావలసిన చోటి నుంచి మొదలుపెట్టవచ్చు.

## ఏమైనా కొనే ముందు

నల్లమల, అనంతగిరి, మారేడుమిల్లి అన్నీ తిరిగాను. అదే సామాను సరిపోదా?

సగం సరిపోతుంది. నల్లమల ఆకురాల్చే పొడి అడవి. అక్కడ వాన కురిసి వెలిస్తే మధ్యాహ్నానికల్లా చొక్కా ఒంటి మీదే ఆరిపోతుంది. శివమొగ్గ జిల్లాలోని ఆగుంబెలో ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది, అందులో అధికభాగం నైరుతి రుతుపవనాల నాలుగు నెలల్లోనే కురుస్తుంది. హైదరాబాదులో ఏడాది మొత్తం మీద కురిసేది సుమారు 800 మిల్లీమీటర్లు. అంకెలకన్నా ముఖ్యమైన తేడా గాలిలో ఉంది. వాన లేని గంటలో కూడా అక్కడి గాలి తేమతో నిండి ఉంటుంది కాబట్టి మొదటి రోజు తడిసిన బట్ట మూడో రోజుకు కూడా ఆరదు. అందువల్ల తడవకుండా ఎలా ఉండాలని ఆలోచించడం కన్నా, ఏవి తడిసినా ఫరవాలేదు, ఏవి ఎట్టి పరిస్థితిలోనూ తడవకూడదు అని సామానును రెండు కుప్పలుగా విడదీయడం మేలు. మొదటి కుప్ప మీరు వేసుకుని నడిచేది, రెండోది రాత్రి మిమ్మల్ని కాపాడేది.

ఏ నెలలో వెళ్తున్నామన్న దాన్ని బట్టి సామాను మారుతుందా?

బాగా మారుతుంది. జూన్ నుంచి ఆగస్టు వరకు వాన, గాలి, జలగలు మూడూ జోరు మీద ఉంటాయి. సెప్టెంబరు చివర, అక్టోబరులో వాన తెరిపిస్తుంది, అయినా నేల తడిగానే ఉంటుంది కాబట్టి జలగల మేజోళ్లు వదలకూడదు. డిసెంబరు దాటాక జలగలు తగ్గిపోతాయి, వాటి స్థానంలో పిడుదుల బెడద మొదలవుతుంది. రెయిన్‌కోటు బరువు తగ్గి నీళ్ల బరువు పెరుగుతుంది. వేసవిలో కార్చిచ్చు భయంతో అటవీశాఖ చాలా దారులను మూసివేస్తుంది. కేరళలోని అగస్త్యార్‌కూడం దీనికి భిన్నం: 1,868 మీటర్ల ఆ శిఖరానికి సాధారణంగా జనవరి, మార్చిల మధ్యనే అనుమతి ఇస్తారు.

అనుమతి పత్రాల గురించి కూడా సర్దేటప్పుడే ఆలోచించాలా?

ఆలోచించాలి. కుద్రెముఖ జాతీయ ఉద్యానవనంలో రోజుకు పరిమిత సంఖ్యలోనే ట్రెక్కర్లను అనుమతిస్తారు, అనుమతిని ముందుగానే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. అనుమతి పత్రాన్ని కాగితం మీద ముద్రించుకుని, బుక్ చేసినప్పుడు ఇచ్చిన గుర్తింపు కార్డుతో కలిపి జిప్ కవరులో పెట్టుకోండి. కొండ దగ్గర సిగ్నల్ ఉంటుందని నమ్ముకుని ఫోనులో మాత్రమే ఉంచుకోవడం తెలివైన పని కాదు. ప్రవేశం దగ్గర బ్యాగులు తెరిపించి ప్లాస్టిక్ కోసం, మద్యం కోసం వెతుకుతారు. చిరుతిళ్లను కంపెనీ కవర్లలోంచి తీసి ఇంటి డబ్బాల్లోకి మార్చుకుంటే అక్కడ వాదన ఉండదు, అడవిలో చెత్తా ఉండదు.

## బట్టలు, బూట్లు

జీన్స్ ప్యాంటు, కాటన్ టీషర్టు వేసుకుంటే ఏమవుతుంది?

కాటన్ నీటిని పీల్చుకుని వదలదు. తడిసిన జీన్స్ బరువెక్కి, మోకాళ్ల దగ్గర పట్టేసి, తొడల మధ్య ఒరుసుకుపోయి, నాలుగు గంటల్లో నడకను శిక్షగా మారుస్తుంది. అడవిలో ఇది ఇబ్బంది మాత్రమే, కొండకొమ్మున ప్రమాదం. కుద్రెముఖ శిఖరం ఎత్తు దాదాపు 1,890 మీటర్లు. పై భాగమంతా చెట్టు నీడ లేని గడ్డి మైదానం. అక్కడ తడిసిన కాటన్ మీద ఈదురుగాలి కొడితే జూలై నెలలో కూడా ఒళ్లు వణికి, మాట తడబడి, శరీర ఉష్ణోగ్రత పడిపోయే స్థితి రావచ్చు. పాలిస్టరు లేదా నైలాను పొడుగు చేతుల చొక్కా, అదే రకం ప్యాంటు చాలు. క్రికెట్, ఫుట్‌బాల్ ఆడేవారు వేసుకునే మామూలు జెర్సీ ఇందుకు భేషుగ్గా పనిచేస్తుంది, ఖరీదైన బ్రాండు అక్కరలేదు.

రెయిన్‌కోటా, పాంచోనా, గొడుగా?

ఈ ప్రశ్నకు జవాబు దారి ఎలాంటిదన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. దట్టమైన అడవిలో గాలి ఆడదు కాబట్టి అక్కడ గొడుగు అన్నింటికన్నా సుఖం. ఒళ్లు ఉక్కపోయదు, ఫోను తీసి చూసుకోవచ్చు, ఆగి నిలబడి అన్నం తినవచ్చు. అదే గొడుగు కొండకొమ్ము ఎక్కగానే తిరగబడి ఊచలు విరిగి చేతిలో మిగులుతుంది. పాంచో అంటే తలమీదుగా వేసుకునే వదులైన వానకోటు; అది బ్యాగుతో సహా కప్పుతుంది, చవక, గాలి ఆడుతుంది. కానీ ముళ్లపొదల్లో చిరుగుతుంది, ఈదురుగాలికి ముఖం మీదికి లేస్తుంది, దిగుడులో కాలు ఎక్కడ వేస్తున్నామో కనబడనివ్వదు.

ఇక వేలకు వేలు పోసి కొనే, చెమటను బయటికి పంపుతుందని చెప్పే జాకెట్ల సంగతి. లోపలి గాలిలో తేమ ఎక్కువగా, బయటి గాలిలో తక్కువగా ఉన్నప్పుడే ఆవిరి ఆ పొర గుండా బయటికి పోతుంది. బయట కూడా గాలి తేమతో నిండి ఉంటే ఆ సూత్రం పనిచేయదు, గంట ఎక్కేసరికి వాన తగలకపోయినా చెమటతోనే తడిసిపోతారు. కాబట్టి కనుమల వానకు చంకల కింద జిప్పులు ఉన్న, కాస్త వదులైన మామూలు రెయిన్‌కోటు ఆ డబ్బు పెట్టి కొన్న జాకెట్టుకు తీసిపోదని మా అభిప్రాయం. అడవి గుండా ఎక్కి గడ్డి మైదానంలోకి వెళ్లే దారికి రెయిన్‌కోటుతో పాటు చిన్న మడత గొడుగు కూడా పెట్టుకోండి.

తెలంగాణ గొర్రెల కాపరులు వానలో గొంగడిని తలమీదుగా కప్పుకుని మంద వెంట తిరగడం చూసినవారికి ఉన్ని విలువ వేరే చెప్పనక్కరలేదు. తడిసినా వెచ్చదనం పూర్తిగా పోని బట్ట అది. గొంగడి మోయలేము కానీ, పలుచని ఉన్ని స్వెట్టరు ఒకటి పొడి కుప్పలో ఉంచుకోవడం మంచిది.

వాటర్‌ప్రూఫ్ బూట్లు కొనాలా?

ఈ అడవులకు వద్దు. వాటర్‌ప్రూఫ్ బూటు పక్కల నుంచి వచ్చే నీటిని ఆపుతుంది, పైనుంచి వచ్చేదాన్ని ఆపలేదు. వాగు దాటేటప్పుడు నీరు చీలమండ దాటి లోపలికి పోతే, ఏ పొర నీటిని లోపలికి రానివ్వదో అదే పొర బయటికి పోనివ్వదు. నీరు తేలిగ్గా కారిపోయే మెష్ బూటు, అడుగున లోతైన గాడులు ఉన్నది చూసి తీసుకోండి. కొత్త బూటైతే కనీసం రెండు మూడు వారాలు ఊళ్లో నడిచి కాలికి అలవాటు చేసుకోండి. బొటనవేలి ముందు కొంచెం ఖాళీ లేకపోతే దిగుడులో గోళ్లు నల్లబడతాయి.

ఇంకొక సంగతి దుకాణదారులు చెప్పరు. నాలుగైదేళ్లుగా అట్టపెట్టెలో దాచిన ట్రెక్కింగు బూట్లు పైకి కొత్తగానే కనిపిస్తాయి, కానీ అడుగున ఉండే పాలీయురెథేన్ పొర గాలిలోని తేమకు లోలోపలే పెళుసెక్కి ఉంటుంది. అలాంటి బూటు నీటిలో మొదటి గంట నడవగానే సోలు మొత్తం ఊడి వస్తుంది. బయలుదేరే ముందు బూటును రెండు చేతులతో వంచి, సోలు అంచున చీలికలు ఉన్నాయేమో చూడండి. ఎందుకైనా మంచిదని గట్టి టేపు, రెండు మూరల నైలాను తాడు బ్యాగులో ఉంచండి. ఊడిన సోలును వాటితో బిగించుకుని కిందికి దిగవచ్చు.

రెండు రోజుల ట్రెక్కుకు ఎన్ని జతల బట్టలు?

నడకకు ఒక్క జత, రాత్రికి ఒక్క జత, తిరుగు ప్రయాణానికి బస్సులోనో కారులోనో వదిలి వెళ్లే జత ఒకటి. మేజోళ్లు, లోదుస్తులు మాత్రం ఒకటి రెండు ఎక్కువ పెట్టుకోండి. రెండో రోజు ఉదయం చల్లగా, జిగటగా ఉన్న తడి చొక్కానే మళ్లీ తొడుక్కోవాలి. అది చాలామందికి మింగుడుపడదు. కానీ పొడి జతను నడకకు వాడేస్తే ఆ రాత్రికి పొడిబట్ట అంటూ మిగలదు.

## బ్యాగు సర్దేటప్పుడు

ఎంత పెద్ద బ్యాగు కావాలి? ఎంత బరువు దాకా మోయవచ్చు?

హోమ్‌స్టేలో దిగి ఒక్క రోజులో ఎక్కి దిగేవారికి 20 నుంచి 25 లీటర్లది చాలు. గుడారంతో రాత్రి గడిపేవారికి 45 లీటర్ల చుట్టుపక్కల ఉండాలి. మీ బరువులో ఆరో వంతు దాటకుండా చూసుకోండి. తడిసిన పట్టీలు, తడి బట్టలు తిరుగుదారిలో బరువును ఇంకా పెంచుతాయి. నడుము పట్టీ లేని కాలేజీ బ్యాగుతో జారుడు నేల మీద నడిస్తే బరువు పక్కలకు ఊగి తూకం తప్పిస్తుంది.

బ్యాగుకు రెయిన్‌కవరు ఉంది కదా, ఇంకేం కావాలి?

రెయిన్‌కవరు బ్యాగు ముందు భాగాన్ని కప్పుతుంది. మీ వీపుకూ బ్యాగుకూ మధ్య కారే నీరు, భుజం పట్టీల గుండా ఇంకే నీరు దాని పరిధిలోకి రావు. పైగా కవరు అడుగున నీరు చేరి బ్యాగు ఆ గుంటలోనే నానుతుంది. కాబట్టి కాపుదల లోపల ఉండాలి.

మందపాటి పెద్ద చెత్తకవరును, రంధ్రాలు లేవని ఊది చూశాక, ఖాళీ బ్యాగులో పరిచి అంచులు బయటికి తీయండి. పొడిగా ఉండవలసిన బట్టలు, దుప్పటి అందులో వేసి, మోకాలితో అదిమి గాలి అంతా తీసేయండి. తర్వాత కవరు మూతిని తాడులా మెలిపెట్టి, ఆ మెలికను సగానికి మడిచి రబ్బరు బ్యాండు బిగించి, దాన్ని పక్కకు దోపండి. ఆ మెలిక పైన ఉన్నదంతా తడిసే సామాను: రెయిన్‌కోటు, నీళ్ల సీసా, తిండి డబ్బా. దారిలో ఏది కావాలన్నా మెలిక విప్పవలసిన అవసరం రాకుండా సర్దడమే ఇందులోని నేర్పు. నీరు చొరని డ్రై బ్యాగు కొనుక్కునేవారు మూతిని కనీసం మూడు మడతలు చుట్టి బిగించాలి, ఒక మడతతో వదిలేస్తే అది మామూలు సంచే.

ఫోను, కెమెరా, పవర్‌బ్యాంకు పాడవకుండా తేగలమా?

తేవచ్చు. ఫోనును జిప్ కవరులో ఉంచి, బయటికి తీయకుండానే వాడండి. తడి వేళ్లకు, వాన చినుకులకు తెర ఎలాగూ సరిగా పలకదు, కాబట్టి ఫొటోను బటనుతో తీసే సెట్టింగు ముందే పెట్టుకోవాలి. మ్యాపును ఆఫ్‌లైనులో దింపుకోండి. చార్జింగు రంధ్రంలో తేమ ఉందని ఫోను హెచ్చరిస్తే పవర్‌బ్యాంకు కలపకుండా ఆరేదాకా ఆగాలి. కెమెరా ఉన్నవారు ఏసీ కారులోంచి దిగగానే దాన్ని బయటికి తీయకూడదు. చల్లబడిన లెన్సు మీద తేమ పట్టి లోపలి అద్దాలు కూడా మసకబారతాయి. అరగంట బ్యాగులోనే ఉంచితే బయటి వేడికి అలవాటు పడుతుంది. సిలికా జెల్ పొట్లాలు మూసి ఉన్న డబ్బాలో ఉంటేనే పనిచేస్తాయి.

అందరూ తెచ్చి, ఎవరూ వాడని వస్తువులు ఏవి?

పెద్ద తువ్వాలు, సన్‌స్క్రీన్ డబ్బా, బ్లూటూత్ స్పీకరు, రెండో జత బూట్లు, జీన్స్. టర్కీ తువ్వాలుకు బదులు మన నేత తుండుగుడ్డ పెట్టుకోండి, పిండితే చాలావరకు ఆరుతుంది.

## జలగలు, పిడుదులు, పాములు

జలగల మేజోళ్లు నిజంగా అవసరమా? మామూలు పొడుగు మేజోళ్లు చాలవా?

చాలవు. ఆకలిగా ఉన్న జలగ దారప్పోగంత సన్నగా ఉంటుంది. రాలిన ఆకుల మీద వెనుక కొసతో నిలబడి, ముందు కొసను గాలిలో అటూ ఇటూ ఆడిస్తూ మనిషి అలికిడి కోసం చూస్తుంది. బూటు తగలగానే అంటుకుని, లేసు రంధ్రం గుండా లోపలికి దూరి, అల్లిక మేజోడు కన్నాల్లోంచి చర్మాన్ని చేరుతుంది. జలగల మేజోడు అల్లినది కాదు, బిగువుగా నేసిన గుడ్డతో మోకాలి దాకా కుట్టినది. దాన్ని మామూలు మేజోడు పైన, బూటు లోపల తొడిగి, ప్యాంటు అంచును అందులోకి దోపి, మోకాలి కింద తాడు బిగించాలి. లేత రంగుదైతే పైకి పాకుతున్న జలగ వెంటనే కనిపిస్తుంది. ఉప్పు, పొగాకు పొడి, వేపనూనె బూట్లకు పట్టించే అలవాటు చాలామందికి ఉంది. జోరువానలో అవి ఎంతోసేపు నిలవవు.

జలగ పట్టుకుంటే తీయడానికి ఏం తీసుకెళ్లాలి?

మీ గోరు చాలు. సన్నటి కొస వైపు, అంటే నోరు ఉన్న వైపు, చర్మానికి ఆనించి గోటిని పక్కకు జరిపితే పట్టు వదులుతుంది. వెంటనే రెండో కొసను కూడా అలాగే విడిపించి విసిరేయాలి. అగ్గిపుల్లతో కాల్చడం, ఉప్పు చల్లడం వల్ల జలగ తాగినదాన్ని గాయంలోకే కక్కవచ్చు, దానితో చీము పట్టే అవకాశం పెరుగుతుంది. దాని లాలాజలంలో రక్తం గడ్డకట్టనివ్వని పదార్థం ఉంటుంది కాబట్టి గాయం నుంచి గంటల తరబడి సన్నగా రక్తం కారుతుంది. చూడటానికి భయంగా ఉంటుంది కానీ పోయే రక్తం కొద్దే. సబ్బుతో కడిగి, దూది పెట్టి కట్టు బిగిస్తే సరిపోతుంది. రక్తం పలుచబడే మందులు వాడుతున్నవారు మాత్రం బయలుదేరే ముందే వైద్యుడిని అడగాలి.

మంగన జ్వరం అంటున్నారు. దానికి ఏ జాగ్రత్త?

కోతుల జ్వరమని పిలిచే ఈ జబ్బు అసలు పేరు క్యాసనూరు అటవీ వ్యాధి. 1957లో శివమొగ్గ జిల్లాలోని క్యాసనూరు అడవిలో కోతులు చనిపోతుండగా దీన్ని గుర్తించారు. వైరసును మోసేవి పిడుదులు. ఇవి ఎక్కువగా డిసెంబరు, మే నెలల మధ్య మనుషులను అంటుకుంటాయి. ఆ నెలల్లో వెళ్లేవారు పొడుగు చేతుల చొక్కా వేసుకుని, పురుగులను దరిచేరనివ్వని డీట్ అనే రసాయనం ఉన్న లేపనం చర్మానికి రాసుకుని, ఎండుటాకుల మీద నేరుగా కూర్చోకుండా చిన్న పాలిథిన్ పట్టా తీసుకెళ్లాలి. చనిపోయిన కోతి కనిపిస్తే దగ్గరకు పోకుండా అటవీ సిబ్బందికి చెప్పండి. సన్నమొన పట్టకారు బ్యాగులో ఉంటే, అంటుకున్న పిడుదును తల దగ్గర పట్టి నిటారుగా లాగవచ్చు. డీట్ కొన్ని రకాల ప్లాస్టిక్కులను కరిగిస్తుంది, కాబట్టి చేతులు తుడుచుకోకుండా కళ్లజోడును, గడియారాన్ని ముట్టుకోవద్దు.

పాముకాటుకు మందో, కిట్టో పెట్టుకోవాలా?

వద్దు. బ్లేడు, విషం పీల్చే పంపు ఉన్న కిట్లు మేలుకన్నా కీడు ఎక్కువ చేస్తాయి. విషానికి విరుగుడు ఇంజక్షను ఆసుపత్రిలోనే ఇవ్వాలి, ఎందుకంటే అది కొందరిలో తీవ్రమైన ప్రతిచర్య తెస్తుంది. పైగా మన దేశంలో దొరికే విరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగింటి విషాలకు తయారైనది. ఈ కనుమల్లో కనిపించే రాచనాగుకు, ఎత్తుముక్కు పింజరకు అది భరోసా కాదు. కాబట్టి కాటు పడకుండా చూసుకునే వస్తువులకే చోటివ్వండి: తలకు కట్టుకునే టార్చి, చీలమండ కప్పే బూటు, ముందు నేలను తట్టే కర్ర. కాటు పడితే ఉంగరాలు, గడియారం తీసేసి, బిగుతుగా తాడు కట్టకుండా, ఆ అవయవాన్ని కదలనివ్వకుండా బద్దె కట్టి, 108కి ఫోను చేసి మోసుకుని దింపాలి.

## నడకలో

ఎక్కడ చూసినా నీళ్లే కదా, మోయడం ఎందుకు?

కనీసం రెండు లీటర్లు పట్టే సీసాలు ఉండాలి, అన్నీ నింపి మోయనక్కరలేదు. వాగునీటిని పలుచని గుడ్డలో వడకట్టి, క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఆగి తాగండి. వానలో దాహం తెలియదు కానీ తేమగాలిలో చెమట ధారగా పోతుంది. ఓఆర్‌ఎస్ పొట్లాలు నాలుగు పెట్టుకోండి.

ఏ తిండి నిలుస్తుంది?

మరమరాలు, అటుకుల మిక్చరు, బిస్కట్లు గంటలో మెత్తబడతాయి. పల్లీ చిక్కీ, నువ్వుండలు, ఖర్జూరం, చపాతీలో చుట్టిన బెల్లం తేమను తట్టుకుంటాయి. మధ్యాహ్నానికి పులిహోర మంచిది. చింతపండు పులుపు, నూనె దాన్ని నిలబెడతాయి, చేత్తో రెండు ముద్దలు నిలబడే తినేయవచ్చు. పెరుగన్నం ఉక్కకు త్వరగా పులుస్తుంది.

కర్ర అవసరమా?

దిగుడులో తప్పక అవసరం. కొనకపోయినా వెదురుది చాలు.

## రాత్రి బసలో, ఇంటికి చేరాక

గుడారం, స్లీపింగ్ బ్యాగు తీసుకెళ్లాలా?

ముందు అనుమతి సంగతి కనుక్కోండి. జాతీయ ఉద్యానవనంలో మనకు తోచిన చోట గుడారం వేయడం కుదరదు. కుద్రెముఖకు వెళ్లేవారు ఎక్కువమంది కళస, సంసె పరిసరాల్లోని హోమ్‌స్టేలలో దిగుతారు. అనుమతి ఉన్న చోట గుడారం వేస్తే ఈకలు నింపిన స్లీపింగ్ బ్యాగు వద్దు, తేమకు ఈకలు ముద్దకట్టి వెచ్చదనం పోతుంది. సింథటిక్ నింపినది తీసుకోండి.

తడి బూట్లు, నానిన పాదాలు ఏం చేయాలి?

గంటల తరబడి నానిన పాదం తెల్లబడి, ముడతలు పడి, పగులుతుంది. బస చేరగానే కడిగి, వేళ్ల సందులు తుడిచి, యాంటీఫంగల్ పౌడరు చల్లి పొడి మేజోళ్లు తొడగండి. ఆ ఒక్క జత రాత్రికే, ఉదయం దాన్ని విప్పి జిప్ కవరులో పెట్టి తడివే వేసుకోవాలి. తొడిగే ముందు మడమలకు, వేళ్ల మధ్య వాజలీన్ రాస్తే ఒరుపు తగ్గుతుంది. బూట్లలో పాత దినపత్రిక కుక్కి, గంటకోసారి కాగితం మార్చండి. పొయ్యి దగ్గర పెడితే జిగురు వదిలేస్తుంది.

ఇంటికొచ్చాక సామాను ఎప్పుడు విప్పాలి? జ్వరం వస్తే?

అదే రోజు విప్పండి. రెండు రోజులు మూసి ఉంచిన బ్యాగులో బూజు పట్టి ఆ వాసన ఎన్ని ఉతుకులకూ పోదు. రెయిన్‌కోటును, గుడారాన్ని నీడలో పూర్తిగా ఆరబెట్టాకే మడవండి. నెలలోపు జ్వరం, కండరాల నొప్పులు, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే మామూలు వైరల్ జ్వరమని మాత్రలతో గడపకుండా వైద్యుడి దగ్గరకు వెళ్లి, ఏ తేదీల్లో ఏ అడవికి వెళ్లారో, వాగుల్లో నడిచారో, కాళ్లకు గాయాలున్నాయో, పిడుదు కుట్టిందో చెప్పండి. కలుషిత నీటి ద్వారా గాయాల్లోంచి వచ్చే లెప్టోస్పైరోసిస్ వానాకాలంలో సాధారణమే, మొదట్లోనే మందు పడితే తేలిగ్గా తగ్గుతుంది. కానీ హైదరాబాదు క్లినిక్కులో కూర్చున్న వైద్యుడికి మీరు మలెనాడు (కర్ణాటకలోని కనుమల ప్రాంతం) వాగులో నడిచి వచ్చారని మీరు చెబితేనే తెలుస్తుంది.